ట్యుటోరియల్ ప్రతిపాదన తిరస్కరణ: మార్చవలసినవి

నమస్కారమండీ. భీమవరం రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని సెన్సర్లతో ముందే పసిగట్టే మీ నమూనాపై ఒక కృత్రిమ మేధ సదస్సుకు ట్యుటోరియల్ ప్రతిపాదిస్తే, అది పరిశోధనా పత్రంలా ఉందని తిరస్కరించారని రాశారు. సమీక్షకుల అభ్యంతరం సమంజసమే.

ట్యుటోరియల్ అంటే ఒక రంగంలో అందరూ చేసిన కృషిని క్రమపద్ధతిలో బోధించడం. సొంత ఫలితాలకు అందులో చిన్న వాటాయే దక్కాలి. కనుక అంశాన్ని 'కాలశ్రేణుల్లో అసాధారణతల గుర్తింపు'గా (అంటే కాలక్రమంలో నమోదైన కొలతల్లో మామూలుకు భిన్నమైనవాటిని పట్టుకోవడంగా) విస్తరించి, గణాంక పద్ధతుల నుంచి ట్రాన్స్‌ఫార్మర్లనే న్యూరల్ నెట్‌వర్క్‌ల దాకా ఇతరుల పద్ధతులను ముందుంచండి. మీ చెరువును మాత్రం వదులుకోకండి. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగి, తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ కనిష్ఠానికి దిగుతుంది, నీటిలో గాలిని కలిపే ఏరియేటర్లు తిరిగితే ఆక్సిజన్ గీత మళ్లీ పైకి లేస్తుంది. రోజూ వచ్చే ఈ తగ్గుదలనూ నిజమైన ప్రమాదాన్నీ వేరుచేయడం శ్రోతల చేత చేయించదగిన చక్కని అభ్యాసం.

వ్యవధి ముందే తేల్చుకోండి: ఏఏఏఐ అనే కృత్రిమ మేధ సదస్సులో పావు రోజంటే 1 గంట 45 నిమిషాలు, సగం రోజంటే దానికి రెట్టింపు. శ్రోతలకు ముందుగా తెలిసి ఉండవలసిన విషయాలు, భాగాలవారీ సమయ విభజన, పఠన జాబితా స్పష్టంగా రాయండి. వేరే సంస్థ నుంచి బోధనానుభవమున్న సహబోధకులను చేర్చుకుంటే ప్రతిపాదనకు బలం చేకూరుతుంది.