28 అంటే 280 హార్స్‌పవరా? లారీ ఇంజిన్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిది ఒకటే బాధ. షోరూంలో ఒకటి చెప్పారు, రోడ్డెక్కాక ఇంకోటి తేలింది. ముప్పై నలభై లక్షలు పెట్టి, ఇంటి కాగితాలు కూడా తాకట్టు పెట్టి కొనే బండి అది. దాని ఇంజిన్ సంగతి అమ్మేవాళ్లకీ సరిగా తెలియక, కొనేవాళ్లకీ తెలియక బేరాలు అయిపోతున్నాయంటే నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నాకు ఒక పది టైర్ల లారీ ఉంది. బియ్యం, సిమెంటు తోలుతాను. రెండోది కొందామని రెండు షోరూములు తిరిగాను. ఒక చోట బండి నంబర్ 28తో మొదలై 18తో ముగుస్తుంది, ఇంకో చోట 60తో మొదలై 28తో ముగుస్తుంది. రెండో షోరూం అబ్బాయి "అది 180 హార్స్‌పవర్, మాది 280, ఇంక ఆలోచించేదేముంది సార్" అంటున్నాడు. నిజమేనా? (కోదాడ నుంచి ఒక లారీ ఓనర్)

జవాబు: కాదండీ. బండి మంచిదే కావచ్చు, ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు. ఆ మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి.

బానెట్ మీద, డోర్ మీద ఉండే ఈ నంబర్లకి దేశమంతటికీ ఒకటే లెక్క లేదు. టాటా, అశోక్ లేలాండ్, భారత్‌బెంజ్ బండ్లలో మామూలుగా మొదటి రెండంకెలు మొత్తం బరువు, టన్నుల్లో. తర్వాతి రెండంకెల పక్కన సున్నా పెడితే సుమారుగా హార్స్‌పవర్. పాత 1613 అంటే 16 టన్నులు, 130 హార్స్‌పవర్. 2515 అంటే 25 టన్నులు, 150. 2018లో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచాక ఆ 25 టన్నుల పది టైర్ల బండ్లే 28 టన్నులవి అయ్యాయి, అందుకే ఇప్పుడు 28తో మొదలయ్యే నంబర్లు ఇన్ని కనిపిస్తున్నాయి. ఐషర్ ప్రో వరసలో లెక్క వేరు, అక్కడ బరువు చివర ఉంటుంది. ప్రో 2049 అంటే 4.9 టన్నుల చిన్న బండి, ప్రో 6028 అంటే 28 టన్నుల బండి. అంటే మీరు చూసిన రెండూ ఒకే బరువు తరగతివి. ఆ అబ్బాయి బరువుని హార్స్‌పవర్ అనుకున్నాడు, అంతే. ఇంకో మాట, ఈ 28 టన్నులు బండి బరువుతో కలిపి. 28 టన్నుల బియ్యం ఎక్కించొచ్చని కాదు. ఈ పొరపాటు కూడా చాలామంది చేస్తున్నారు.

అసలు సంగతి హార్స్‌పవర్ దగ్గర ఆగిపోకూడదు. పొలంలోంచి వడ్ల బస్తాల బండి గట్టెక్కాలంటే ఎద్దు మెడ వంచి లాగే బలం కావాలి. అది టార్క్. ఆ బలాన్ని ఎంత వేగంగా వాడితే అంత హార్స్‌పవర్. లెక్క చిన్నదే: టార్క్‌ని ఆర్‌పీఎంతో, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 850 న్యూటన్ మీటర్ల టార్క్ 1500 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే ఇంజిన్ అక్కడే సుమారు 133 కిలోవాట్లు ఇస్తుంది, అంటే 180 హార్స్‌పవర్ చిల్లర. ఇదే 180ని 2500 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే ఇంజిన్‌కి అక్కడ 510 న్యూటన్ మీటర్లు ఉంటే చాలు. కాగితం మీద రెండూ 180లే. కానీ లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మొదటిది గేర్ మార్చకుండా నెమ్మదిగా గుంజుకుపోతుంది, రెండోదానికి డ్రైవర్ గేరు దించి, ఇంజిన్ అరిచేదాకా తొక్కాలి. ఆ అరుపులోనే మీ డీజిల్ పోతుంది.

అందుకని షోరూంలో "ఎన్ని హార్స్‌పవర్" అని ఒక్కటే అడిగి ఊరుకోకండి. గరిష్ఠ టార్క్ ఎంత, అది ఏ ఆర్‌పీఎం నుంచి ఏ ఆర్‌పీఎం దాకా ఉంటుంది, ఈ రెండూ అడగండి. 1000 నుంచి 1600 దాకా ఒకే రీతిలో ఉందంటే మీలాంటి లోడు బండికి మంచిది. మీటర్‌లో పచ్చ పట్టీ ఉంటుంది కదా, డ్రైవర్ ముల్లుని అందులోనే ఉంచి నడపగలిగితే మైలేజీ దానంతటదే వస్తుంది. తర్వాత క్రౌన్ పినియన్ రేషియో, అంటే వెనక యాక్సిల్‌లో ఉండే గేర్ల నిష్పత్తి అడగండి. ఒకే ఇంజిన్ ఉన్న రెండు బండ్లు ఈ ఒక్క దానివల్ల రెండు రకాలుగా నడుస్తాయి. రేషియో అంకె పెద్దదైతే ఎక్కుడులో లాగుడు బాగుంటుంది, హైవే మీద మాత్రం అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది. మీరు హైదరాబాద్ విజయవాడ హైవే మీదే ఎక్కువ తిరిగితే చిన్న అంకె చూడండి. మారేడుమిల్లి చింతూరు ఘాట్ మీదుగా లోడ్లు పోతుంటే పెద్దది.

మైలేజీ చెప్పినప్పుడు ఖాళీ బండితోనా, లోడుతోనా అని తప్పకుండా అడగండి. డెమో బండి ఇమ్మనండి, మీ లోడు మీరే వేసి, మీ డ్రైవర్‌నే కూర్చోబెట్టి, మీ రూట్‌లోనే ఒక ట్రిప్పు కొట్టి చూడండి. ఇవ్వనంటే ఇంకో డీలర్‌ని అడగండి. మీ డబ్బు, మీ ఇష్టం.

ప్రశ్న: మా బండికి యాడ్‌బ్లూ పోయాలి. డ్రైవర్లందరూ దాన్ని యూరియా అనే అంటారు. ఇంట్లో పొలానికి తెచ్చిన యూరియా బస్తా ఉంది, నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందా? అమ్మినాయన్ని అడిగితే "అదీ యూరియానే కదా, ఫిల్టర్ చేసి పోయండి" అన్నాడు. (మిర్యాలగూడ నుంచి)

జవాబు: అయ్యా, దయచేసి పోయకండి. ఒకవేళ ఇప్పటికే పోసి ఉంటే బండి స్టార్ట్ చేయకుండా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయండి.

2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగ మీద బీఎస్ 6 అనే నియమాలు వచ్చాయి. పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లు బాగా తగ్గించాలి, అందుకే పెద్ద బండ్లకి సైలెన్సర్ వైపు ఈ ద్రవం చల్లే ఏర్పాటు పెట్టారు. వేడికి అందులోని యూరియా అమ్మోనియా అవుతుంది, అమ్మోనియా ఆ విషవాయువుని మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. ఇదంతా ఇంజిన్ బయట, పొగ గొట్టంలో జరిగే పని. ఇంజిన్ లోపలికి దీని చుక్క కూడా పోదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం అపోహలు పోతాయి.

ఆ ద్రవంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. మన పొలం యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ పూత తప్పనిసరి చేశారు. దానికి తోడు బైయూరెట్ లాంటి మలినాలు. బోరు నీళ్లలో ఉప్పు సంగతి నల్గొండ జిల్లావాళ్లకి నేను చెప్పక్కర్లేదు. గుడ్డతో వడకడితే ఇవేవీ పోవు. సన్నటి నాజిల్ పూడుకుపోతుంది, లోపలి క్యాటలిస్ట్ పాడవుతుంది, దాని ఖరీదు విన్నాక మీకు నిద్ర పట్టదు. పైగా అది రైతుకి సబ్సిడీ మీద ఇచ్చేది, బండికి వాడటం చట్టప్రకారం కూడా తప్పే. వంద లీటర్ల డీజిల్‌కి యాడ్‌బ్లూ సుమారు 3 నుంచి 6 లీటర్లు అవుతుంది, అంతే. ఆ కాస్త ఖర్చు దగ్గర కక్కుర్తి పడొద్దు.

నా కళ్లతో చూసింది ఒకటి చెప్తాను. మా బాబాయి కొడుకు కొత్త బండి తీసుకున్న రోజు డెలివరీ ఇచ్చినతను "ఇది డీజిల్‌తో పాటు కాలుతుంది సార్, పొగ తగ్గిస్తుంది" అని చెప్పి పంపాడు. వీడు అదే మాట డ్రైవర్‌కి చెప్పాడు. ఆ డ్రైవర్ పాపం, బంకులో పది లీటర్ల డబ్బా మొత్తం డీజిల్ ట్యాంకులో వంచేశాడు. ఎంతో దూరం పోలేదు, బండి దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. నేను వెళ్లేసరికి మెకానిక్ ఫిల్టర్ విప్పుతున్నాడు. గిన్నెలో పైన డీజిల్, అడుగున నీళ్లలాంటిది విడిగా తేరి ఉంది, రెండూ కలవనే లేదు. వేలు ముంచి చూశాను. కాసేపటికి ఆరి, గోరు పక్కన ఉప్పు అంటుకున్నట్టు తెల్లగా పొర కట్టింది. అదే పొర పంపులో, ఇంజెక్టర్లలో కూడా కట్టింది. ట్యాంకు దించి కడిగి, పంపూ ఇంజెక్టర్లూ మార్చేసరికి లక్ష దాటింది, వారంటీ వర్తించదన్నారు. మొదటి ఈఎంఐ కట్టకముందే. డ్రైవర్‌ని తిట్టి ఏం లాభం, వాడికి చెప్పిందే తప్పు. డెఫ్ అన్నా యాడ్‌బ్లూ అన్నా ఒకటే, ఆ ట్యాంకు మూత నీలం రంగులో ఉంటుంది. మీ డ్రైవర్‌ని, క్లీనర్‌ని ఇద్దర్నీ బండి పక్కన నిలబెట్టి, ఆ మూత చేత్తో పట్టించి మరీ చూపించండి.

ఇదే ఉత్తరంలో, చిప్ పెడితే డెఫ్ అక్కర్లేదంటున్నారు నిజమేనా అని కూడా అడిగారు. అది కంప్యూటర్‌ని మోసం చేసే పని. చట్టరీత్యా తప్పు, వారంటీ పోతుంది. ఆ పొగ పీల్చేది హైవే పక్కన మన పిల్లలే. వద్దు.

ప్రశ్న: తెల్లవారుజామున కూరగాయలు వేసుకుని సిటీలో నాలుగైదు చోట్ల దించి వస్తాను. రోజూ తక్కువ దూరమే. మీటర్‌లో సైలెన్సర్ బొమ్మలాంటి లైట్ వెలుగుతోంది. షోరూంలో "సెన్సార్ ప్రాబ్లం, పట్టించుకోవద్దు" అన్నారు. నాలుగు రోజులుగా బండి లాగడం లేదు, టెన్షన్‌గా ఉంది. (గుంటూరు నుంచి)

జవాబు: పట్టించుకోవాల్సిందే. అది డీపీఎఫ్ లైట్. పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ నిండిపోయిందని చెబుతోంది. ఆ మసి కాలి బూడిద కావాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి రావాలి. హైవే మీద లోడుతో గంటసేపు పోయే బండికి ఆ పని దానంతటదే జరిగిపోతుంది. మీ బండి మార్కెట్‌కీ దుకాణానికీ మధ్య ఆగి ఆగి తిరుగుతుంది, ఇంజిన్ సరిగా వేడెక్కకముందే ఆపేస్తున్నారు, మసి పేరుకుంటోంది. జల్లెడ మరీ నిండితే ఇంజిన్ తన బలం తనే తగ్గించుకుంటుంది. మీకిప్పుడు జరుగుతున్నది అదే.

బండిని నిలబెట్టి రీజనరేషన్, అంటే ఆ మసిని కాల్చేయడం, ఎలా చేయాలో బండి పుస్తకంలో ఉంటుంది, బటన్ నొక్కి అరగంట, కొన్ని బండ్లకి ఇంకాస్త ఎక్కువ వదిలేయాలి. మధ్యలో తొందరపడి ఆపొద్దు. ఆ సమయంలో సైలెన్సర్ విపరీతంగా కాలిపోతుంటుంది, వరిగడ్డి పక్కన గానీ ఎండుగడ్డి మీద గానీ నిలబెట్టారంటే నిప్పంటుకుంటుంది. లైట్ పోకపోతే ఆలస్యం చేయకుండా సర్వీస్‌కి తీసుకెళ్లండి. ఇంజిన్ ఆయిల్ కూడా చూసుకోండి, పుస్తకంలో సీకే 4 గ్రేడ్ అని ఉంటే అదే పోయించండి. పాత బండికి పోసినదే దీనికీ పోస్తే దాని బూడిద వెళ్లి ఆ జల్లెడలోనే కూర్చుంటుంది, మసిలాగా అది కాలిపోదు.

నిజానికి ఇలాంటి తిరుగుడుకి బండి కొనే రోజునే "మీరు రోజుకి ఎన్ని కిలోమీటర్లు, ఎన్నిసార్లు ఆపుతారు" అని అడిగి ఉండాల్సింది. సీఎన్‌జీ బండి చూపించి ఉండొచ్చు. మిమ్మల్ని ఎవరూ అడగలేదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

ప్రశ్న: రెంటచింతల ఎండలకి ఇంజిన్ వేడెక్కుతోందని మెకానిక్ థర్మోస్టాట్ వాల్వ్ పీకేస్తానంటున్నాడు. పీకించొచ్చా?

జవాబు: వద్దు. ఆ వాల్వ్ ఇంజిన్‌ని సరైన వేడి దగ్గర నిలబెడుతుంది. అది లేకపోతే ఇంజిన్ చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, పై జవాబులో చెప్పిన మసి సమస్య కూడా మొదలవుతుంది. ముందు రేడియేటర్‌కి పట్టిన దుమ్ము, కూలెంట్, ఫ్యాన్ చూపించండి. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తున్నారేమో అది కూడా చూసుకోండి.

ప్రశ్న: నేను ఒక ట్రక్ షోరూంలో సేల్స్‌లో చేరి ఎనిమిది నెలలైంది. ట్రైనింగ్‌లో ఫైనాన్స్ స్కీములు, డిస్కౌంట్లు తప్ప ఇంజిన్ గురించి ఒక పూట చెప్పారంతే. ఓనర్లు అడిగితే తెలియదనడానికి సిగ్గేసి ఏదో ఒకటి చెప్పేస్తున్నాను. మీ శీర్షిక చదువుతుంటే భయంగా ఉంది. ఏం చేయాలి? (పేరు వద్దన్నారు)

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం నాకు చాలా నచ్చింది. ఇందులో నీ తప్పు కన్నా నీకు నేర్పకుండా ఫ్లోర్ మీద నిలబెట్టినవాళ్ల తప్పే ఎక్కువ.

రేపటి నుంచి ఒక గంట ముందు వెళ్లి వర్క్‌షాప్‌లో నిలబడు. పెద్ద మెకానిక్ ఉంటాడు కదా, ఆయనకి టీ ఇప్పించి, విప్పి ఉన్న బండి ఏదైనా ఉంటే ఇది ఏంటి, ఎందుకు పాడైందని అడుగు. ఆయన చూపించేది నీకు ఏ బ్రోచర్‌లోనూ దొరకదు. మీ షోరూంలో ఎక్కువ అమ్ముడుపోయే మూడు బండ్ల స్పెసిఫికేషన్ కాగితాలు తీసి టార్క్, ఆర్‌పీఎం, క్రౌన్ పినియన్ రేషియో, డెఫ్ ట్యాంకు ఎన్ని లీటర్లు, ఇవి నోట్‌బుక్‌లో రాసుకో. రోజూ చూస్తుంటే వారంలో నోటికొచ్చేస్తాయి.

ఓనర్ రాగానే బండి చూపించకు. ఏం లోడు, ఏ రూటు, ఎక్కుళ్లు ఉన్నాయా, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తారా, ఇవి అడుగు. తెలియనిది అడిగితే "కనుక్కుని సాయంత్రం ఫోన్ చేస్తానండి" అను, సాయంత్రం తప్పకుండా చెయ్యి. ఇప్పటిదాకా నువ్వు తప్పు చెప్పిన ఓనర్లు ఎవరైనా గుర్తుంటే వాళ్లకీ ఫోన్ చెయ్యి, ముఖ్యంగా డెఫ్ విషయం చెప్పి పంపినవాళ్లకి. వాళ్ల బండి ఈ రాత్రికి ఏ బంకు దగ్గర ఆగుతుందో మనకి తెలియదు కదా.