అంచు కోసిన హాకీ కార్డు అంటగట్టారు... డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేం కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటాం. మా పన్నెండేళ్ల బాబు ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడతాడు. వాడి పుట్టినరోజుకని ఏడు నెలల కిందట ఒక కార్డుల షాపులో ఐస్ హాకీ ఆటగాడు లారీ మర్ఫీ రూకీ కార్డు, అంటే ఆటగాడి తొలి కార్డు (1981-82 ఓ-పీ-చీ కంపెనీ సెట్) 600 డాలర్లకు కొన్నాను. రసీదు మీద ‘నియర్ మింట్’ (దాదాపు కొత్తదానిలా ఉంది) అని రాసిచ్చారు. గ్రేడింగ్‌కు, అంటే కార్డు పరిస్థితి చూసి గ్రేడు ఇచ్చే సంస్థకు పంపితే, అంచులు కత్తిరించిన ఆనవాళ్లున్నాయని గ్రేడు ఇవ్వకుండా తిప్పి పంపారు. షాపాయన రసీదు అడుగున ఉన్న ‘ఉన్నది ఉన్నట్టు అమ్మాం, వాపసు లేదు’ అన్న ముద్ర చూపిస్తున్నాడు. పైగా ‘నేను కత్తిరించలేదు’ అంటున్నాడు. నాకు దారి ఉందా?

జవాబు: ఉంది. ఆ ముద్ర చూసి వెనక్కి తగ్గకండి.

ముందు కార్డు సంగతి. మర్ఫీ మీ పక్కనే ఉన్న స్కార్‌బరోలో పుట్టినవాడు. 1980-81లో లాస్ ఏంజెలిస్ కింగ్స్ జట్టు తరఫున తొలి సీజన్‌లోనే 60 అసిస్టులు (గోలుకు అందించిన పాస్‌లు), 76 పాయింట్లతో (గోల్స్, అసిస్టులు కలిపి) రూకీ డిఫెన్స్‌మన్ రికార్డు నెలకొల్పాడు. డిఫెన్స్ ఆడే పిల్లవాడికి ఇంతకంటే మంచి కానుక ఏముంటుంది? అందుకే మీ బాధ 600 డాలర్లతో తీరేది కాదని నాకు తెలుసు.

ఆ రోజుల్లో ఓ-పీ-చీ కార్డులను తీగతో కోసేవారు. అందువల్ల అసలు కార్డు అంచు కాస్త పీచుపీచుగా, గరుకుగా ఉంటుంది. మీ దాని అంచు బ్లేడు పెట్టి గీసినట్టు నున్నగా ఉందా? అదే సెట్‌లోని మామూలు ఆటగాడి కార్డు ఒకటి తెచ్చి రెంటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. వెంట్రుకవాసి తేడా ఉన్నా కనిపిస్తుంది. అరిగిన మూలలు కనబడకుండా చేయడానికే ఇలా కోస్తారు. కోసిన కార్డు మూలలు ఎంత పదునుగా ఉన్నా ఈ వ్యాపారంలో దాన్ని ‘నియర్ మింట్’ అనరు.

మీ కేసుకు ప్రాణం రసీదు మీది ఆ రెండు మాటలే. ఎవరు కత్తిరించారన్నది మీరు తేల్చక్కర్లేదు. మీరుండే ఒంటారియో రాష్ట్రపు వస్తు విక్రయ చట్టం ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. అమ్మినవాడికి లోపం తెలియకపోయినా సరే. 2002 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది: సరుకు నాణ్యత గురించి, గ్రేడు గురించి తప్పుగా చెప్పడం అక్రమ వ్యాపార పద్ధతి. అలా జరిగితే, కొన్న నాటినుంచి ఏడాదిలోగా నోటీసు ఇచ్చి ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. మీకింకా అయిదు నెలలుంది, కానీ ఆలస్యం చేయకండి. ఇక ఆ ముద్ర అంటారా, వస్తు విక్రయ చట్టం వినియోగదారుడికిచ్చిన హక్కులను కాదనే షరతు ఏదైనా చెల్లదని ఈ వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది.

ఇదే కార్డును షాపులో కాకుండా ఒక మామూలు వ్యక్తి దగ్గర కొని ఉంటే ఈ రెండో చట్టం వర్తించేది కాదు, ‘వాపసు లేదు’ అన్న మాటకు కొంత బలం ఉండేది. మీరు షాపులో, రసీదుతో కొన్నారు కాబట్టి నయం.

షాపాయన తర్వాతి వాదన నాకు ఇప్పుడే వినిపిస్తోంది: ‘మీ ఇంట్లోనే కోసి ఉంటారు’ అంటాడు. కాబట్టి కార్డును గ్రేడింగ్ వాళ్లు పంపిన కవర్‌లోంచి తీయకుండా, పైనుంచే ఫొటోలు తీయండి. వాళ్ల చీటీ, కొన్న రోజు తీసిన ఫొటోలు, షాపుతో నడిచిన మెసేజ్‌లు అన్నీ ఒకచోట పెట్టండి. ఆపైన ఉత్తరం రాయండి. కార్డు తిరిగి ఇస్తాను, 600 డాలర్లు, గ్రేడింగ్ ఖర్చు ఇవ్వండి, పదిహేను రోజులు గడువు అని నాలుగు ముక్కల్లో చాలు. ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. స్పందన లేకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో (చిన్న మొత్తాల దావాలు వినే కోర్టు) దావా వేయండి. ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. 2025 అక్టోబరు నుంచి అక్కడ 50,000 డాలర్ల దాకా దావాలు తీసుకుంటున్నారు.

ఒక్క పని మాత్రం చేయకండి. విసుగెత్తి ఆ కార్డును ఇంకొకరికి అమ్మేయకండి. తిరిగి ఇవ్వడానికి వస్తువు మీ చేతిలో లేకపోతే ఒప్పందం రద్దు కోరలేరు, ఎక్కువ కట్టిన మేరకే అడగగలరు. కత్తిరించిన సంగతి దాచి అమ్మితే, రేపు ఇదే ఉత్తరం మీ పేరు మీద వస్తుంది.