పోలార్డ్ కాళ్ల గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫ్రిట్జ్ పోలార్డ్ మీద నీవు పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. కాని మొదటి పేజీలోనే ‘మొట్టమొదటి’ అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. 1916లో రోజ్ బౌల్ అనే కాలేజీ ఫుట్‌బాల్ పోటీలో ఆడిన మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు, 1921లో ఏక్రన్ ప్రోస్ అనే వృత్తి జట్టుకు మొట్టమొదటి నల్లజాతి కోచ్: అన్నీ నిజాలే. అయినా ఆ బిరుదుల వరుసలో నాకు మనిషి కనబడలేదు.

నీవు ఒక్క ముక్కలో దాటేసిన సంగతి ఒకటుంది. కింద పడ్డాక కూడా ప్రత్యర్థులు కావాలని మీద పడి కొడతారని తెలిసిన పోలార్డ్, పడీ పడగానే వెల్లకిలా తిరిగి, అడుగున గట్టి గుబ్బలున్న బూట్లతో కాళ్లు రెండూ పైకెత్తి, సైకిలు తొక్కుతున్నట్టు ఆడించేవాడు. సుమారు 75 కిలోల మనిషి, తనకంటే ఎంతో బరువైనవాళ్ల నడుమ, ఒళ్లు కాచుకోవడానికి కనిపెట్టుకున్న ఉపాయమది. వ్యాసం అక్కడ మొదలు కావాలి. జట్టువాళ్లతో కలిసి కాక జట్టు యజమాని చుట్టల దుకాణంలో బట్టలు మార్చుకుని, సరిగ్గా ఆట వేళకు మైదానం చేరేవాడన్నది ఆ వెంటనే రావాలి. 1920లో ఏక్రన్ ప్రోస్ ఒక్క ఓటమీ లేకుండా ఛాంపియన్లయిన సంగతి ఆ తరువాత చెబితేనే దాని బరువు పాఠకుడికి తెలుస్తుంది.

మన సంపాదకులకు ‘స్ఫూర్తి’ కావాలి, దెబ్బలు అక్కర్లేదు. ముప్పయ్యేళ్ల కిందట ఒక కబడ్డీ ఆటగాడి మీద రాస్తూ, అతడు రాత్రిపూట వాచిన మోకాలికి ఆముదపు ఆకులు వెచ్చజేసి కట్టుకోవడం గురించి అర పేజీ రాశాను. ఒక సంపాదకుడు అది కొట్టేసి పతకాల పట్టిక వేశారు. పత్రిక చూసి ఆ ఆటగాడు, “ఇందులో నేనెక్కడున్నానండీ?” అని అడిగాడు. ఆ పూట అతడి ఇంట్లో నేను అన్నం తినలేకపోయాను.

ఇక నీ ముగింపు. 2005లో ఆటలో మేటివాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారని సంతోషంగా ముగించావు. అప్పటికి పోలార్డ్ పోయి పందొమ్మిదేళ్లు. 1934 నుంచి 1945 దాకా, రాతలో ఎక్కడా లేని నిషేధం వల్ల, అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగు ఎన్.ఎఫ్.ఎల్.లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. ఆ రోజుల్లోనే పోలార్డ్ న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో బ్రౌన్ బాంబర్స్ అనే నల్లజాతి ఆటగాళ్ల జట్టును నడిపాడు. నీ వ్యాసంలో ఆ పన్నెండు సీజన్ల ఊసే లేదు. అవి రాసి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి