ముందు లోపలి గుడ్డ చూడు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

ఇక్కడ మీ అత్తయ్య, నేను కులాసా. నువ్వు పంపిన టోపీ ఫోటోలు చూశాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన జర్మన్ జనరల్ రొమ్మెల్ దళంలో పనిచేసిన తన తాతగారిదని సంతలో అమ్మే ఆయన చెప్పిన కథ బాగానే ఉంది. కథ బాగుందని డబ్బులు మాత్రం తీయకు.

1941 ఫిబ్రవరిలో జర్మన్లు లిబియాలోని ట్రిపోలీలో దిగినప్పుడు వాళ్ల నెత్తిన బెండు హెల్మెట్లు ఉండేవి. ట్యాంకుల్లో, గోతుల్లో అవి అడ్డం. కొద్ది రోజుల్లోనే చాలామంది వాటిని పక్కన పడేసి, ముందు పొడుగు చూరున్న గుడ్డ టోపీకి మారారు. నీకు కావలసింది అదే. భూసైన్యానిదైతే ముదురు ఆలివ్ రంగు నూలు గుడ్డ, లోపల ఎర్ర లైనింగ్, రెండు పక్కలా గాలికి రెండేసి ఐలెట్లు, అంటే చిన్న గుండ్రటి రంధ్రాలు. గద్ద గుర్తు గోధుమరంగు పట్టీ మీద లేత నీలం దారంతో నేసి ఉంటుంది. ఆఫీసరుదైతే అంచున వెండిరంగు పైపింగ్, అంటే సన్నటి తాడు లాంటి అంచు కుట్టు. ఇసుక రంగు టోపీ తెచ్చి భూసైన్యానిదంటే నమ్మకు, ఆ రంగు ఎక్కువగా వైమానిక దళానిది.

నేను మొదటిసారి మోసపోయింది ఈ గద్ద దగ్గరే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న రోజుల్లో ఒక దుకాణంలో కొన్నాను. ఎండకు వెలిసి దాదాపు తెల్లబడిన టోపీ, చూడగానే మనసు పారేసుకున్నాను. ఇంటికొచ్చి వంటింటి లైటు కింద గుండుసూదితో గద్ద మూల కొంచెం లేపితే, కింద గుడ్డ కూడా అంతే తెల్లగా ఉంది! గోడకు ఏళ్ల తరబడి వేలాడిన క్యాలెండర్ తీస్తే ఆ చోటు సున్నం వేరే రంగులో కనిపిస్తుంది కదా, టోపీ మీదా అలా ఉండాలి. లేదంటే వెలిసిన టోపీకి గద్దను తర్వాత కుట్టారన్నమాట. బ్లీచింగ్‌లో ముంచి పాతదనం తెప్పించే ఘనులూ ఉన్నారు. పక్కన మడిచినట్టు కుట్టిన పట్టీ కింద కూడా చూడు, అక్కడ అసలు రంగు కొంచెమైనా మిగిలి ఉంటుంది. కొనకముందు మాత్రం కుట్లు పీకకు, ఊరికే గొడవ.

చిన్న యూవీ టార్చి ఒకటి జేబులో వేసుకో. కుట్టు దారం ఒక్కటే నీలంగా మెరిసిందా, అది ఈ కాలపు దారం. టోపీ మొత్తం మెరిస్తే మాత్రం కంగారుపడకు, అసలు టోపీనే ఎవరో ఇప్పటి సర్ఫ్‌లో ఉతికి ఉండొచ్చు. నువ్వు మాత్రం ఎప్పుడూ ఉతకకు. చెమట మరకే దాని జాతకం.

1942 వరకు ముందు భాగాన తలకిందుల వి ఆకారంలో రంగు దారం ఉండేది. పదాతికి తెలుపు, ఫిరంగి దళానికి ఎరుపు, ట్యాంకులకు గులాబీ. ఆ తర్వాత తీసేయమన్నారు. అందుకని దారం లేకపోవడం లోపం కాదు. ఆ దారం ఊడిన గుర్తులున్న టోపీ అంటే నాకు ఇంకా ఇష్టం.

ఆ గద్ద కాళ్ల కింద ఉన్నది మన గడప మీది స్వస్తిక్ కాదు, హిట్లర్ నాజీల గుర్తు. నువ్వుండేది జర్మనీలో. అక్కడ దాన్ని నలుగురిలో ప్రదర్శించడం నేరం, సంతలో అమ్మేవాళ్లు స్టిక్కర్ అంటించేది అందుకే. ఇంట్లో పెట్టెలో ఉంచుకో, ఇన్‌స్టాలో పెట్టకు. పిల్లలు అడిగితే ఆ సైన్యం ఎవరి కోసం పోరాడిందో దాచకుండా చెప్పు. 1943 మేలో ట్యునీషియాలో వాళ్ల జనరల్ ఫాన్ ఆర్నిమ్ లొంగిపోయింది మన 4వ ఇండియన్ డివిజన్‌కే, అదీ చెప్పు.

మళ్లీ ఆదివారం సంతకు వెళ్తే లైనింగ్ మీద సైజు ముద్ర, నుదుటికి ఆనే చోటు, గద్ద అంచు, ఈ మూడూ దగ్గరగా తీసి పంపు. నేను చూసేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వకు.

ఇట్లు,
మీ మావయ్య