చర్చికి వెళ్తున్నాను, ఎస్సీ రిజర్వుడు సర్పంచి స్థానంలో పోటీ చేయవచ్చా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మాల కులస్థులం. మా నాన్నగారి కాలం నుంచి చర్చికి వెళ్తున్నాం. నా పెళ్లి కూడా చర్చిలోనే జరిగింది. నాకు ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. పంచాయతీ ఎస్సీ మహిళకు రిజర్వు అయితే సర్పంచిగా నిలబడాలని ఉంది. పేదలకు న్యాయం జరగాలంటే అధికారం మన చేతికి రావాలని మా పాస్టరుగారు కూడా ప్రోత్సహిస్తున్నారు. ‘క్రైస్తవురాలివి, నీకు రిజర్వేషన్ ఏమిటి’ అని అవతలి వర్గం అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ సర్టిఫికెట్‌ను నమ్ముకుని నామినేషన్ వేయవద్దమ్మా. పరిశీలన రోజున అధికారి దాన్ని ఆమోదించవచ్చు కూడా. అసలు చిక్కు గెలిచాక మొదలవుతుంది. ఓడినవారు ఎన్నికల ట్రిబ్యునల్‌కు వెళ్తారు, సర్టిఫికెట్ రద్దు చేయాలని కలెక్టరుకు అర్జీ పెడతారు. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం కింద క్రిమినల్ కేసు దాకా వెళ్లవచ్చు.

ఎస్సీ కులాల జాబితా ఇచ్చిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు తప్ప వేరే మతస్థులు ఎస్సీలు కారు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవులు బయటే ఉండిపోయారు. మతం మారినంత మాత్రాన ఉంటున్న వాడ మారదు, ఊరి పెద్దల చూపూ మారదు కనుక ఇది అన్యాయమేనని నేను నమ్ముతాను. నా నమ్మకం మీకు కోర్టులో అక్కరకు రాదు. క్రైస్తవాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని వంచించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అన్నది. సర్టిఫికెట్ రద్దు కాకపోయినా, మతం మారిన పాస్టరుకు అట్రాసిటీ చట్టం రక్షణ ఉండదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది.

చర్చి గడప తొక్కితేనే కులం పోతుందా? పోదు. రామనాథపురంలో ఒక డాక్టరమ్మ క్లినిక్ గోడకు శిలువ ఉందని అధికారులు సర్టిఫికెట్ రద్దు చేస్తే, 2021లో మద్రాసు హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి వారికి చీవాట్లు పెట్టింది. మీ సంగతి వేరు. బాప్తిస్మం తీసుకున్నారో లేదో మీరు రాయలేదు, కేసంతా దాని మీదే తిరుగుతుంది. ఇలాంటి పిటిషన్‌లో అవతలి వకీలు ముందుగా తెప్పించమని అడిగేవి రెండే: బాప్తిస్మం రిజిస్టరు, పెళ్లి రిజిస్టరు. రెండోదానిలో మీ సంతకం ఉండే ఉంటుంది. నేను అవతలి పక్షాన ఉన్నా అదే అడుగుతాను.

‘గుడిలో పూజ చేయించి హిందువైపోతే సరి’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. తిరిగి రావడాన్ని చట్టం ఒప్పుకుంటుంది. 1976 గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది, కులస్థులు తిరిగి తమవారిగా అంగీకరిస్తేనే అన్న షరతుతో. ఆ రాక నిజంగా ఉండాలి. మరుసటి ఆదివారం మళ్లీ చర్చిలో కనిపిస్తే మీ ఎస్సీ సర్టిఫికెట్ చిత్తుకాగితమే. పదవి కోసం విశ్వాసం వదులుకోమని చెప్పడం మాత్రం నా పని కాదు.

తిన్నని దారి బీసీ-సి. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు, వారి సంతానం ఆ గ్రూపులోకి వస్తారు. ఆ సర్టిఫికెట్‌తో బీసీ స్థానంలో పోటీ చేయవచ్చు, జనరల్ స్థానంలో ఎలాగూ చేయవచ్చు. ఉద్యోగాల్లో ఆ గ్రూపు వాటా ఒక్క శాతమే, అది వేరే బాధ. పిల్లల స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ల విషయంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారికీ ఇలాంటి రాయితీలు వర్తింపజేసిన 1977 నాటి జీవో 341 చూపించండి, చాలా కార్యాలయాల్లో దాని ఊసే ఎత్తరు.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023లో మన శాసనసభ తీర్మానం చేసింది కదా అంటారేమో. అది వినతి మాత్రమే. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం ఎస్సీ జాబితా మార్చగలిగేది పార్లమెంటు.

ఇక పాస్టరుగారి సంగతి. కూలి రేట్లు, భూమి, అంటరానితనం గురించి ఆయన ప్రసంగించవచ్చు, ఏ చట్టమూ అడ్డుపడదు. ‘ఈ సహోదరికి ఓటేయండి’ అని మాత్రం చర్చిలో అనకూడదు. మతసంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం, 1988 కింద అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆరాధన ముగిశాక కరపత్రాలు పంచాలనుకున్నా చర్చి ఆవరణ దాటి, రోడ్డు మీదే పంచండి.