ఆసుపత్రి దూరాన్ని మ్యాపు మీద కొలిచే చదువు

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. ఏ ఊళ్లకు వైద్యం అందడం లేదో మ్యాపుల ద్వారా పరిశోధిస్తానంటోంది. దీనికి చదువు, ఉద్యోగం ఉన్నాయా?
– ఒక తండ్రి, ఆదోని

జవాబు: ఉన్నాయి. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా మరణాలను వీధుల పటం మీద గుర్తించి, అవి బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ చేరాయని చూపించినప్పటి నుంచీ ఈ పని సాగుతూనే ఉంది. ఇప్పుడు దానికి జీఐఎస్, అంటే ఊళ్లు, రోడ్లు, జనాభా వంటి వివరాలను కంప్యూటర్‌లో మ్యాపు మీద కలిపి చూసే విధానం, తోడైంది.

మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. జిల్లా సగటు దీనికి సరిపోయినంత మాత్రాన ఊరూరికీ వైద్యం అందుతున్నట్టు కాదు. కేంద్రం చుట్టూ వలయం గీస్తే అందులో పడిన ఊళ్లన్నీ దగ్గరగానే కనిపిస్తాయి గానీ, మధ్యలో వంక పారే ఊరికీ, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తప్ప బస్సు లేని ఊరికీ ఆ దగ్గరతనం అక్కరకు రాదు. అందుకే ప్రయాణ సమయాన్ని, ఆ కేంద్రం మీద ఆధారపడే జనాభాను, అక్కడి డాక్టర్ల సంఖ్యను కలిపి ఊరివారీగా లెక్క కడతారు. మీ జిల్లాలోనే మరో చిక్కుంది. ఆలూరు, హాలహర్వి వైపు వారికి కర్నూలుకన్నా బళ్లారి దగ్గర. మ్యాపును రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆపేస్తే, ఆ ఊళ్లకు అందుబాటులో ఉన్న పెద్దాసుపత్రి లెక్కలోకే రాదు. ఇలాంటివి గమనించగలగడమే ఇందులో అసలు నేర్పు, స్థానికురాలు కావడం మీ అమ్మాయికి కలిసొస్తుంది.

స్టాటిస్టిక్స్ చదివింది కాబట్టి ముంబయిలోని జనాభా శాస్త్రాల సంస్థ ఐఐపీఎస్‌లో జనాభా అధ్యయనాలు గానీ, జీఐఎస్ వంటివి నేర్పే జియోఇన్ఫర్మాటిక్స్‌లో ఎమ్మెస్సీ గానీ, ప్రజారోగ్యంలో పీజీ అయిన ఎంపీహెచ్ గానీ చూడవచ్చు. నా మొగ్గు మొదటిదానికే, ఎందుకంటే మ్యాపు గీయడం తర్వాతైనా పట్టుబడుతుంది, జనాభా లెక్కలను అనుమానించి చదవడం తరగతిలో త్వరగా అలవడుతుంది. ఈలోగా క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, 2011 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలోని గ్రామాల వివరాలతో మీ మండలం మ్యాపు ఒకటి తయారుచేయమనండి. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ ఈ విద్యలో ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా నడుపుతోంది.

ఉద్యోగం మాటకొస్తే, ఈ పేరుతో నేరుగా వెలువడే నోటిఫికేషన్లు తక్కువ. పరిశోధన సంస్థల్లో, ఆరోగ్య ప్రాజెక్టుల్లో, మ్యాపుల కంపెనీల్లో డేటా విశ్లేషకులుగా చేరేవారే ఎక్కువ, తొలి కొన్నేళ్లు కాంట్రాక్టు కొలువులే దొరకవచ్చు. స్థిరమైన బోధన, పరిశోధన ఉద్యోగాలకు చాలావరకు పీహెచ్‌డీ కావాలి. ఇంటి పరిస్థితి అంతకాలం ఆగనిస్తుందో లేదో మీరిద్దరూ ముందే మాట్లాడుకోండి. ఆరు నెలల ప్రైవేటు సర్టిఫికెట్ కోర్సుకు మాత్రం ఇప్పుడే ఫీజు కట్టవద్దు.