చారడేసి కళ్ళు, నిండా రంగులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక బొమ్మల నవల గురించి రాశాను. తల్లి పోయాక మాట మానేసిన పన్నెండేళ్ళ పిల్ల, సముద్రం ఒడ్డున వలలు అల్లుకునే తాత దగ్గరకు చేరుతుంది. అదీ కథ. రెండు వందల నలభై పేజీలు, అన్నీ రంగుల్లోనే. గీత మాంగా తీరు, అంటే జపాన్ బొమ్మల కథల పద్ధతి. గీసినవారు మాత్రం జపాన్ వారు కారు, మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. విశాఖపట్నంలో కొన్న ఒక్క ప్రతిని పర్లాకిమిడిలో మా ఇంటి వరండాలో పెట్టాను. అది చేతులు మారుతూ బరంపురం దాకా వెళ్ళి వచ్చింది. అట్ట మూలలు నలిగాయి, వెనక పేజీ మీద పసుపు చెయ్యి మరక కూడా ఉంది. నాకు సంతోషమే.

పదిహేడు ఉత్తరాలు వచ్చాయి. కొందరికి ప్రాణం లేచొచ్చింది, కొందరికి ఒళ్ళు మండింది. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో డ్రాయింగు చెప్పినదాన్ని, బొమ్మ మీద కోపం వచ్చిన మనిషిని కూడా నేను తేలిగ్గా తీసుకోలేను. అన్నీ వేయడానికి చోటు లేదు, ఆరింటికి జవాబులు రాస్తున్నాను.

*టీచరుగారూ, ఆ పిల్ల మొహంలో సగం కళ్ళే. ముక్కు ఒక చుక్క. మనిషి మొహం ఇలా ఉంటుందా? పిల్లలకు తప్పు గీత నేర్పినట్టు కాదా?*
— విశ్రాంత ఉద్యోగి, పాతపట్నం

అయ్యా, ఏటా రథం లాగడానికి మీ ఊరివాళ్ళు మా ఊరు వస్తారు. జగన్నాథస్వామి మొహంలో కళ్ళు ఎంతంత ఉంటాయి? ఆ గుండ్రటి కళ్ళు చూసి ఎవరూ కొలతలు తప్పాయనరు, చేతులు జోడిస్తారు. పటచిత్రాల్లో పక్కకు తిరిగిన మొహానికి కన్ను చెవి దగ్గరదాకా సాగుతుంది. మన భాషలో చక్కటి పిల్లను చారడేసి కళ్ళు అంటాం. చారెడు అంటే చెయ్యి వంచి పట్టినంత. అంత కన్ను ఏ మనిషికీ ఉండదు, అయినా ఆ మాట వినగానే మనకు ఒక మొహం కనిపిస్తుంది.

జపాన్‌లో ఈ పెద్ద కళ్ళకు బాగా ప్రచారం తెచ్చినవాడు ఒసాము తెజుకా. 1928లో పుట్టాడు, వైద్యం చదివాడు, 1989లో పోయేదాకా బొమ్మలే గీశాడు. డిస్నీ బొమ్మల కళ్ళు ఆయనకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. 1972 నుంచి 1983 దాకా మన బుద్ధుడి జీవితాన్ని కూడా బొమ్మల కథగా గీశాడు. శరీరం లోపల ఎముక ఎక్కడుందో తెలిసిన మనిషి కావాలనే కళ్ళు పెద్దవి చేశాడు. మనసులో ఉన్నది అక్కడే కనిపిస్తుంది కాబట్టి. ఈ పుస్తకంలో పిల్ల అసలు మాట్లాడదు. ఆమె చెప్పేదంతా ఆ కళ్ళే చెప్పాలి, అందుకే ముక్కు చుక్కైపోయింది.

మీ మాటలో ఒక నిజం ఉంది, దాన్ని నేను దాటవేయను. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అవే కళ్ళు, అదే గడ్డం. జుట్టు రంగు మార్చి ఈమె వేరు ఆమె వేరు అంటే సరిపోదు. తాత ఒక్కడి మొహమే ముడతలతో సహా శ్రద్ధగా గీశారు. మిగతావాళ్ళకూ ఆ శ్రద్ధ దక్కాల్సింది.

*మేడమ్, నేను ఆరేళ్ళుగా ఫోన్లో మాంగా చదువుతున్నాను. అసలైన మాంగా నలుపు తెలుపులోనే ఉంటుంది. రంగు పూస్తే దాని పదును పోతుంది. ఈ పుస్తకాన్ని మీరు అనవసరంగా పొగిడారు.*
— కాలేజీ విద్యార్థి, గుణుపురం

బాబూ, నువ్వు చదివి చదివి రాసిన ఉత్తరమని తెలుస్తోంది, కాబట్టి వివరంగా చెబుతాను. జపాన్‌లో ఈ కథలు ముందు వారపత్రికల్లో వస్తాయి. ఒక్కో సంచిక వందల పేజీలు ఉంటుంది, చవక గరుకు కాగితం, చదివి పారేసే ధర. అన్ని పేజీలకు రంగు వేయడానికి డబ్బూ చాలదు, వారంలో టైమూ చాలదు. అందుకే మొదటి కొన్ని పేజీలకే రంగు దక్కుతుంది. అంటే నలుపు తెలుపు మొదట అవసరం కొద్దీ వచ్చింది. ఆ తరువాత చిత్రకారులు ఆ అవసరంలోంచే విద్య పుట్టించారు. చుక్కల కాగితం కత్తితో కోసి అంటించి బూడిద రంగు తెప్పించారు. పరుగు చూపించడానికి వెనక సన్నటి గీతలు లాగారు. నల్లటి సిరా ముద్ద పెట్టి చూపు ఎక్కడ ఆగాలో చెప్పారు. మన గజపతి కొండల్లో సవరల ఇళ్ళకు వెళ్ళినా ఇదే కనిపిస్తుంది. ఎర్రమట్టి గోడ, దాని మీద బియ్యప్పిండి తెలుపు, అంతే. ఆ ఒక్క తెలుపుతోనే గుర్రాలూ ఏనుగులూ చెట్లూ నాట్యం చేసే మనుషులూ గోడంతా నిండిపోతారు. నా పిల్లల్ని ఏడాదికోసారి అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. రంగుపెట్టె లేదని ఏడ్చే పిల్లలు ఆ గోడ చూశాక ఏడవడం మానేవాళ్ళు. కాబట్టి ఒక్క రంగులో ఎంత బలం ఉంటుందో నాకు నువ్వు చెప్పనక్కర్లేదు.

ఆరో అధ్యాయంలో పడవ పందెం విషయంలో నీ మాటే నా మాట. ఎరుపు, పసుపు, ఊదా అన్నీ ఒకేసారి అరుస్తాయి. పరుగు గీతలు ఆ రంగుల్లో మునిగిపోయాయి. ఏ పడవ ముందుందో తెలియడానికి నేను వెనక్కి తిప్పి చూడాల్సి వచ్చింది. అది తప్పే.

కానీ రంగు ఉంటే మాంగా కాదనే మాట ఒప్పుకోను. 1814లో హొకుసాయి అనే చిత్రకారుడు మాంగా అన్న పేరుతో బొమ్మల పుస్తకం మొదటి భాగం వేశాడు. అది కథే కాదు. చేపలు, మల్లయోధులు, వాన, ఏది కనిపిస్తే అది గీసిన అభ్యాసం. మరి దాన్ని ఏమంటావు? నీ ఫోన్లో పైనుంచి కిందకు జరుపుకుంటూ చదివే కొరియా కథలు నిండా రంగుల్లోనే ఉంటాయి కదా. నువ్వు గట్టిగా పట్టుకోవాల్సింది వేరే ఉంది. రంగు కథలో ఏదైనా పని చేస్తోందా, లేక ఊరికే అలంకారానికి కూర్చుందా? ఈ పుస్తకంలో రాత్రి సముద్రం పేజీలు మళ్ళీ తియ్యి. మూడు నీలాలే ఉన్నాయి. పిల్లకు ధైర్యం వచ్చే కొద్దీ లేత నీలం ఒక్కో గడిలో కొంచెం కొంచెం పెరుగుతుంది. ఇంకో సంగతి కింద బరంపురం ఉత్తరంలో ఉంది, తప్పకుండా చదువు.

*ఆరు వందల రూపాయల పుస్తకాన్ని మా అమ్మాయి అరగంటలో ముగించింది. పేజీకి పది మాటలు కూడా లేవు. ఇదేం చదువు?*
— ఒక తల్లి, కాశీనగర్

అమ్మా, ధర ఎక్కువే. అందుకే కొనమని రాయలేదు, వరండాకు రమ్మన్నాను. మాటల లెక్క మాత్రం మానండి. తల్లి చీర మడత పెట్టే చోట నాలుగు పేజీలు ఒక్క మాట లేకుండా నడుస్తుంది. మీ అమ్మాయిని అక్కడ కూర్చోబెట్టి, చీర ఎన్నిసార్లు మడత పడిందో, చివరికి ఎవరి చేతిలో ఉందో అడగండి. చెప్పలేకపోతే ఇంకో అరగంట చదవాల్సింది ఉన్నట్టే.

*చివర్లో తండ్రి ఉన్నట్టుండి వచ్చేస్తాడు, అందరూ నవ్వేస్తారు. అంత కథ నడిపి ఇలా ముగించాలా?*
— ఇచ్ఛాపురం నుంచి ఒక స్కూలు మాస్టారు

ముగించకూడదు. చివరి ఇరవై పేజీలు నాకూ నచ్చలేదు. అతను ఎందుకు వెళ్ళాడో, ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. ఆమె తరఫున నాకు బాధ కలిగింది.

*టీచరమ్మా, మాది గోపాలపూర్ రేవులో చేపలు పట్టే కుటుంబం, ఇప్పుడు బరంపురంలో కొడుకు దగ్గర ఉన్నాను. మనవడికి ఒరియా, ఇంగ్లీషు వచ్చు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. నాకు తెలుగు తప్ప ఇంకో అక్షరం రాదు. వాడు ఈ పుస్తకం తెచ్చి పక్కన కూర్చుని మాటలు తెలుగులో చెప్పాడు. ఒక పేజీలో ఆకాశం రాగి చెంబు రంగులో ఉంది. ఈ ఆకాశం చూస్తే మా నాన్న పడవ దించేవాడు కాదురా అన్నాను. వాడు పేజీ తిప్పితే తుఫాను. నీకెలా తెలుసు నానమ్మా అని వాడు అడుగుతూనే ఉన్నాడు. తరువాత వల సూది ఎలా పట్టుకుంటారో కూడా చూపించాను, బొమ్మలో పట్టు తప్పుగా ఉంది. నేను ఒక్క అక్షరం చదవలేదు కదా, నేను ఈ పుస్తకం చదివినట్టేనా?*
— ఒక నానమ్మ, బరంపురం

అమ్మా, మీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. ఈ పుస్తకాన్ని నేను మూడుసార్లు చూశాను. ఆ రాగి రంగు ఆకాశాన్ని సాయంత్రం అనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు రంగులు చెప్పిన నా కంటికి అది అందలేదు, 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటిన రేవులో బతికిన మీకు అందింది. గీసినవారు తుఫాను వస్తోందని ఆ పేజీలో ఎక్కడా మాటల్లో రాయలేదు, రంగులో రాశారు. దాన్ని మీరు చదివారు. గుణుపురం బాబూ, ఆ పేజీని నలుపు తెలుపులో వేస్తే ఈమెకు ఆ సంగతి తెలిసేదా, నువ్వే ఆలోచించు.

మీ ఉత్తరం చూశాక మా చిన్నతనం గుర్తొచ్చింది. మా ఇంటికి తెలుగు చందమామ వచ్చేది. పక్కింట్లో నా ఒరియా స్నేహితురాలికి జన్హమాము, అంటే అదే చందమామ ఒరియాలో వచ్చేది. వాళ్ళ అరుగు మీద రెండూ పక్కపక్కన పరిచేవాళ్ళం. రెంటిలోనూ శంకర్ గారు గీసిన అదే విక్రమార్కుడు, భుజం మీద అదే శవం, చేతిలో అదే కత్తి. కింద అక్షరాలు మాత్రం వేరు. నేను తెలుగులో చదివితే అది ఒరియాలో చదివేది. బొమ్మ ఒకటే కాబట్టి ఏ మాటకు ఏ మాటో మాకు తెలిసిపోయేది. నేను ఒరియా అక్షరాలు బళ్ళో కంటే ముందు అక్కడే నేర్చుకున్నాను. ఆ అట్టల మీద రంగులు వేసిన వడ్డాది పాపయ్య గారు 1921లో మన పక్క శ్రీకాకుళంలోనే పుట్టారని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. అప్పటి నుంచి ఇటున్న మన ఇళ్ళలో తెలుగు నోటి మీద ఉంది, చేతి మీద లేదు. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఈ ఊళ్ళోనే తెలుగు అక్షరం రాని తెలుగు పిల్లలు నా వరండా మెట్ల మీద కూర్చుంటారు. నాకు చాలా బెంగగా ఉంటుంది. కాబట్టి మీరు ఒక పని చేయండి. మీ మనవడు మాటలు చెబుతుంటే, ఆ తెలుగు మాటలు చిన్న చీటీల మీద రాసి పుస్తకంలో గడుల పక్కన పెట్టండి. జిగురు వద్దు, ఊరికే పెట్టండి. రెండోసారి వాడు మీ చీటీలు చూసి చదవడానికి ప్రయత్నిస్తాడు. బొమ్మ పక్కనే ఉంది కాబట్టి అక్షరం అందుతుంది, మాకు అందినట్టే. పుస్తకం వచ్చే రెండు నెలలూ మీ దగ్గరే ఉంచుకోండి, మిగతావాళ్ళకు నేను సర్ది చెబుతాను. వల సూది ఎలా పట్టుకోవాలో మనవడి చేత ఒక కాగితం మీద గీయించి పంపండి, ఇక్కడ వేస్తాను.

*మిస్, నేను ఐదో తరగతి. నాకు ఇలాంటి కథ గీయాలని ఉంది. రంగులు కొనమంటే నాన్న తరువాత అంటున్నాడు. గడులు ఎటు నుంచి ఎటు గీయాలి?*
— పర్లాకిమిడి నుంచి ఒక చిన్నారి

బంగారూ, జపాన్ వాళ్ళ రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి వాళ్ళ పుస్తకం మనకు చివరి పేజీ అనిపించే చోట మొదలవుతుంది. ఒకప్పుడు ఇంగ్లీషు వాళ్ళ కోసం ఆ పేజీలను అద్దంలో బొమ్మలా తిప్పి అచ్చు వేసేవారు. అప్పుడు కుడిచేత్తో కత్తి పట్టిన వీరుడు ఎడమచేతివాటం అయిపోయేవాడు! నువ్వు తెలుగులో రాస్తావు కదా, ఎడమ నుంచి కుడికి గీయి. నువ్వు చదివిన పుస్తకం కూడా అలాగే ఉంది.

రంగులు తరువాతే రానీ. పెన్సిలు, పాత నోటుపుస్తకం చాలు. ఒక పేజీని నాలుగు గడులు చెయ్యి. మీ ఇంట్లో పొద్దున్నే ఎవరు ముందు లేస్తారు, లేచి ఏం చేస్తారు, ఆ నాలుగు గడుల్లో గీయి. మాట ఒక్కటి కూడా రాయకు. ఆదివారం పది గంటలకు వరండాకు పట్టుకురా. నా రంగుపెట్టెలో నీలం అయిపోవచ్చింది గానీ మిగతావన్నీ ఉన్నాయి.